రాజు పోయాడు, ద్రోహం మిగిలింది

పత్రికా కార్యాలయంలో రాత్రి డెస్కు మీద పనిచేసిన వారందరికీ ఈ అనుభవం ఉంటుంది. పేజీ వెళ్లిపోవడానికి ఇరవై నిమిషాలుందనగా ఢిల్లీ నుంచి ఒక ఆంగ్ల వార్త వచ్చి పడుతుంది. ఎవరో అధ్యాపకుడి మీదనో, విద్యార్థి మీదనో 'సెడిషన్' కేసు పెట్టారన్నది సారాంశం. ఆ మాటను తెలుగు చేయాలి. రాజద్రోహం అంటే పౌరాణిక నాటకంలా ఉందని ఒకరంటారు. దేశద్రోహం అయితే సూటిగా ఉంటుందని, శీర్షికలో పట్టుతుందని మరొకరంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి ఒక రాత్రి నేను దేశద్రోహం అనే రాశాను. మర్నాడు పొద్దున్నే టీ కొట్టు దగ్గర అదే పత్రిక చేతిలో పట్టుకున్న ఒక పెద్దమనిషి నిందితుడి ఫొటో చూసి, 'వీణ్ణి ఉరి తీసినా పాపం లేదు' అన్నాడు. ఆ యువకుడు ఏం మాట్లాడాడో ఆయన చదవలేదు. చదవనవసరం లేకుండా శీర్షికలోనే నేను తీర్పు రాసి ఇచ్చాను.

ఆ తర్వాత ఇన్నేళ్లలో చట్టం మారింది, సెక్షన్ నంబరు మారింది, ప్రభుత్వాలూ మారాయి. నాటి నా తప్పు మాత్రం ఇప్పుడు దేశ చట్టానికే సంక్రమించింది. అందుకే ఈ వ్యాసం.

ముందు మాటల సంగతి చూద్దాం. తెలుగులో ద్రోహం చాలా బరువైన పదం. మిత్రద్రోహం, గురుద్రోహం, స్వామిద్రోహం, నమ్మకద్రోహం, వీటిలో ఏది తీసుకున్నా ముందొక నమ్మకం ఉంటుంది, ఆ పైన దాన్ని వమ్ము చేయడం ఉంటుంది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమన్న నింద ఆ మాటలో ఇమిడి ఉంది. లాటిన్ మూలం నుంచి వచ్చిన ఆంగ్ల 'సెడిషన్'కు ఇంత బరువు లేదు. అందరి నుంచి విడివడి పక్కకు నడవడమన్నది దాని తొలి అర్థం. పక్కకు నడిచిన మనిషిని మనం తెలుగులోకి తెచ్చేసరికి ఉప్పు తిని మోసగించినవాడిగా మార్చేశాం.

రాజుల కాలంలో ఆ మాటకు తర్కమైనా ఉంది. భూమి రాజుది, కొలువు రాజుది, ఉప్పు రాజుది. 1950 జనవరి 26 తర్వాత ఎవరి ఉప్పు ఎవరు తింటున్నారు? మంత్రి జీతం, కలెక్టరు బంగళా, పోలీసు జీపులో డీజిలు, అన్నీ కూలివాడు అగ్గిపెట్టె కొన్నప్పుడు కట్టే పన్నులోంచి వస్తున్నవే. యజమాని పౌరుడు, కొలువులో ఉన్నది ప్రభుత్వం. సేవకుడు యజమానికి ద్రోహం చేశాడంటే అర్థముంది. యజమాని తన సేవకుణ్ణి తిట్టడం ద్రోహమెలా అవుతుంది?

ఈ తలకిందుల తర్కం పుట్టిన తేదీ మనకు తెలుసు. మెకాలే 1837లో రాసిన ముసాయిదాలో ఈ నేరం ఉన్నా 1860లో ఆమోదం పొందిన శిక్షాస్మృతిలో లేదు. 1870లో 124-ఎ సెక్షన్‌గా వచ్చి చేరింది. ప్రభుత్వం పట్ల 'అప్రీతి' కలిగించడం నేరమన్నారు. తొలి పెద్ద విచారణ 1891లో కలకత్తా పత్రిక 'బంగవాసి' మీద జరిగింది. బాలికల సమ్మతి వయసును పదేళ్ల నుంచి పన్నెండుకు పెంచే చట్టాన్ని ఆ పత్రిక తూలనాడింది. ఆ వాదన నేటి పాఠకుడికి రోత పుట్టించేదే. అయినా అది అభిప్రాయమే. ఈ చట్టం గురించి మాట్లాడేటప్పుడు మనకు నచ్చిన వీరులనే కాక, నచ్చని నోళ్లను కూడా గుర్తుంచుకోవాలి.

1897లో తిలక్ విచారణలో న్యాయమూర్తి స్ట్రాచీ, అప్రీతి అంటే ప్రీతి లేకపోవడమేనని జ్యూరీకి చెప్పాడు. ప్రభుత్వాన్ని ప్రేమించకపోతే నేరమన్నమాట. 1908లో తిలక్‌కు మళ్లీ ఆరేళ్ల శిక్ష పడి మాండలే జైలుకు వెళ్లారు. అదే ఏడాది తిరునల్వేలిలో జరిగిన కాల్పులపై 'విపరీత బుద్ధి' అన్న శీర్షికతో రాసినందుకు బెజవాడ 'స్వరాజ్య' పత్రిక సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావును జైలుకు పంపారు. ఆంధ్రుల తొలి రాజకీయ ఖైదీగా మనం చెప్పుకునే వ్యక్తి ఒక పాత్రికేయుడు. ఆయన ఆయుధం సంపాదకీయం. 1922లో అహ్మదాబాద్ కోర్టులో నిలబడిన గాంధీ, ప్రేమను చట్టంతో తయారు చేయలేరని, ఒక వ్యవస్థ మీద ప్రేమ లేనివాడు హింసకు పూనుకోనంతవరకు ఆ మాట బాహాటంగా చెప్పే స్వేచ్ఛ ఉండాలని వాదించారు. న్యాయమూర్తి బ్రూమ్‌ఫీల్డ్ ఎంతో మర్యాదగా ఆయనకు ఆరేళ్లు వేశాడు. తెల్లదొరతనం వద్దని పాట కట్టిన గరిమెళ్ళ సత్యనారాయణ కూడా ఆ రోజుల్లోనే జైలుకు వెళ్లారు.

ఇక్కడ మన భాషలోని ఇంకో మాటను తలచుకోవాలి: పితూరీ. 1879లో రంప మన్యంలో గిరిజనులు తిరగబడినప్పుడు తెల్లదొరల కాగితాల్లో అది 'ఫితూరీ'. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడిపిందీ వారి లెక్కలో పితూరీయే. నేటి తెలుగులో పితూరీ అంటే ఏమిటి? ఒకరి మీద మరొకరు చేసే ఫిర్యాదు, చాడీ. 'వీడు నా మీద పితూరీలు చెబుతున్నాడు' అంటాం. ఒకే మాటకు ఒక చివర ఫిర్యాదు, మరో చివర తిరుగుబాటు. ఈ రెండు చివరల మధ్య ఉన్న దూరమే నా వాదనకు కేంద్రం. కల్లు గీత మీద పన్ను మోయలేకపోతున్నామని, మన్సబుదారు పీడిస్తున్నాడని, పోలీసులు దోచుకుంటున్నారని రంప గిరిజనులు ఎవరికి చెప్పుకోగలిగారు? వినే చెవి లేనిచోట మొదటి అర్థంలోని పితూరీ రెండో అర్థంలోని పితూరీగా మారింది. ఫిర్యాదును నేరం చేసిన రాజ్యం తిరుగుబాటును తానే నాటుకుంటుంది. ఇది ఎవరినీ రెచ్చగొట్టడానికి రాసిన మాట కాదు, చరిత్రలో నమోదైన సంగతి.

రాజ్యాంగ నిర్మాతలకు ఇది తెలుసు. వాక్ స్వాతంత్ర్యానికి విధించే పరిమితుల జాబితాలో ముసాయిదా రచయితలు ఈ మాటను చేర్చారు. 1948 డిసెంబరు 1న కె.ఎం. మున్షీ రాజ్యాంగ సభలో దాన్ని తొలగించాలని సవరణ తెచ్చారు. సభ ఒప్పుకుంది. అందుకే నేటి 19వ అధికరణలో మీరు ఎంత వెతికినా ఆ మాట కనిపించదు. ఎదుటివారి చేతిలో దెబ్బ తిన్నవారు ఆ కర్రను రాజ్యాంగం గడప దాటనివ్వలేదు. కానీ పెరటి గుమ్మంలో, శిక్షాస్మృతిలో, దాన్ని అలాగే ఉంచేశారు. 1951లో తొలి రాజ్యాంగ సవరణ మీద చర్చలో నెహ్రూ ఆ సెక్షన్ అత్యంత అభ్యంతరకరమైనదని, ఎంత త్వరగా వదిలించుకుంటే అంత మంచిదని పార్లమెంటులో అన్నారు. అదే సవరణతో వాక్ స్వాతంత్ర్యం మీద 'ప్రజాశాంతి' అన్న కొత్త పరిమితిని చేర్చారు. ఆ తర్వాత పదమూడేళ్లు ఆయనే ప్రధాని. వదిలించుకోలేదు.

1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మధ్యేమార్గం కనిపెట్టింది. ప్రభుత్వాన్ని ఎంత కటువుగా విమర్శించినా నేరం కాదు, హింసకు పురిగొల్పినా, ప్రజాశాంతికి భంగం కలిగించే ధోరణి ఉన్నా నేరమని చెబుతూ సెక్షన్‌ను నిలబెట్టింది. ఈ తీర్పును మనం అరవై ఏళ్లుగా పొగుడుతున్నాం. అయితే కేదార్‌నాథ్ ఏమయ్యాడని ఎవరూ అడగరు. 1953లో బీహార్‌లో ఒక సభలో సీఐడీలను కుక్కలని, కాంగ్రెస్ వారిని గూండాలని తిట్టిన ఆ మనిషి అప్పీలును కోర్టు కొట్టివేసింది. సూత్రం మనకు దక్కింది, శిక్ష అతనికి దక్కింది. 1973లో ఇందిరాగాంధీ ప్రభుత్వం తెచ్చిన కొత్త నేర విచారణ స్మృతితో, వారెంటు లేకుండానే అరెస్టు చేసే అధికారం ఈ నేరం విషయంలో పోలీసులకు వచ్చింది. తెల్లదొర కూడా ఇవ్వని అధికారం అది.

ఆ అధికారాన్ని ఎవరెలా వాడారో చూడండి. కూడంకుళం అణువిద్యుత్ కేంద్రం వద్దన్న తమిళ జాలర్ల మీద అన్నాడీఎంకే పాలనలో వేల సంఖ్యలో ఈ కేసు పెట్టారు. రాతిపలకల మీద రాజ్యాంగ నిబంధనలు చెక్కి ఊరి పొలిమేరల్లో పాతిన జార్ఖండ్ ఆదివాసులపై బీజేపీ ప్రభుత్వం పెట్టింది. 2019 ఎన్నికల ప్రణాళికలో ఈ సెక్షన్‌ను రద్దు చేస్తామని రాసుకున్న కాంగ్రెస్, ఆ ఎన్నికలు ముగిసిన నెల లోపే ఛత్తీస్‌గఢ్‌లో కరెంటు కోతల మీద వీడియో పెట్టిన వ్యక్తి మీద ఇదే సెక్షన్ వాడింది. గగ్గోలు రేగాక వెనక్కు తీసుకుంది. 2022లో మహారాష్ట్రలో ముఖ్యమంత్రి ఇంటి ముందు హనుమాన్ చాలీసా చదువుతామన్న ఎంపీ మీద అప్పటి కూటమి ప్రభుత్వం పెట్టింది. 2021 మే నెలలో మన ఆంధ్రప్రదేశ్‌లో వైకాపా ప్రభుత్వం తన పార్టీ తిరుగుబాటు ఎంపీ రఘురామకృష్ణరాజు మీద, ఆయన మాటలను ప్రసారం చేసిన టీవీ5, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానళ్ల మీద పెట్టింది. ఆ కేసులోనే రాజద్రోహానికి హద్దులు నిర్ణయించాల్సిన సమయం వచ్చిందని సుప్రీంకోర్టు అంది. ఆ రోజు చప్పట్లు కొట్టినవారిలో ఎందరు, తమ వాళ్లు అధికారంలో ఉన్న రాష్ట్రాల్లో ఇదే కేసు పెట్టినప్పుడు నోరు విప్పారు? ప్రతిపక్షంలో ఉన్నప్పుడు వలసపాలన అవశేషం, గద్దెనెక్కాక శాంతిభద్రతల సాధనం. మన పార్టీలన్నిటి మధ్య ఉన్న ఏకాభిప్రాయాల్లో ఇదొకటి.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2015 నుంచి 2020 వరకు ఆరేళ్లలో 356 రాజద్రోహ కేసులు నమోదయ్యాయి. 548 మంది అరెస్టయ్యారు. శిక్ష పడింది 12 మందికి. ఈ లెక్క చూసి చట్టం విఫలమైందని కొందరంటారు. నా దృష్టిలో అది తాను చేయదలచుకున్న పనిని చక్కగా చేసింది. శిక్ష తీర్పులో లేదు. అరెస్టులో, బెయిలు దొరకని వారాల్లో, ఊడిన ఉద్యోగంలో, ఊళ్లో పడిన పేరులో ఉంది. 2020 జనవరిలో బీదర్‌లోని ఒక పాఠశాలలో పిల్లలు వేసిన పౌరసత్వ చట్టం నాటకానికి ప్రధానోపాధ్యాయురాలినీ, ఒక బాలిక తల్లినీ జైల్లో పెట్టారు. పోలీసులు పిల్లలను పదేపదే ప్రశ్నించారు. 2023 జూన్‌లో కర్ణాటక హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. ఆ మూడేళ్లను ఆ తల్లికి ఏ తీర్పు తిరిగి ఇస్తుంది? ఆ బాలిక బడిలో నేర్చుకున్న పౌరశాస్త్ర పాఠం ఏమిటి?

2022 మే 11న జస్టిస్ ఎన్.వి. రమణ నేతృత్వంలోని ధర్మాసనం 124-ఎను పక్కన పెట్టింది. పునఃపరిశీలిస్తామని కేంద్రం కోర్టుకు చెప్పింది. 2023 ఆగస్టు 11న కొత్త న్యాయ సంహిత బిల్లును లోక్‌సభలో పెడుతూ, రాజద్రోహాన్ని పూర్తిగా రద్దు చేస్తున్నామని హోంమంత్రి ప్రకటించారు. డిసెంబరులో వివరణ వచ్చింది: రాజద్రోహం పోయింది, దాని స్థానంలో దేశద్రోహం వస్తుంది. ప్రభుత్వాన్ని ఏమైనా అనండి, దేశాన్ని అంటే ఊరుకోమన్నది ఆ వివరణ సారాంశం. వినడానికి ఎంత బాగుంది! రాత్రి డెస్కు మీద నేను చేసిన అనువాదమే అది.

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 152వ సెక్షన్‌ను పాతదాని పక్కన పెట్టి చదవండి. పాత సెక్షన్‌లో యావజ్జీవం, లేదా మూడేళ్ల వరకు జైలు. కేవలం జరిమానాతో వదిలేయడానికీ వీలుండేది. కొత్తదానిలో యావజ్జీవం, లేదా ఏడేళ్ల వరకు జైలు. జరిమానా దానికి అదనం. సాయుధ తిరుగుబాటు, వేర్పాటు అన్న మాటల సరసన 'విధ్వంసక కార్యకలాపాలు' అన్న మాట నిర్వచనం లేకుండా కూర్చుంది. 'వేర్పాటువాద కార్యకలాపాల భావనలను ప్రోత్సహించడం' కూడా నేరమే. కార్యకలాపాలకు భావనలేమిటో, వాటిని ఒక సబ్ఇన్‌స్పెక్టర్ ఎలా కొలుస్తాడో చట్టం చెప్పదు.

తెలుగు పాఠకులకు వేర్పాటువాదం అన్న మాట ఎంత సాగుతుందో ఇంకొకరు చెప్పనక్కరలేదు. రాజ్యాంగంలోని మూడో అధికరణ ప్రకారం ప్రత్యేక రాష్ట్రం అడిగినవారిని దశాబ్దాలపాటు మన పత్రికలే, మన నాయకులే 'వేర్పాటువాదులు' అన్నారు. 2014లో పార్లమెంటు ఆ కోరికను చట్టం చేసింది. ఆ 'వేర్పాటువాదులు' ముఖ్యమంత్రులూ మంత్రులూ అయ్యారు. నాటి ఉద్యమం మీద 152 వంటి సెక్షన్ ఉండి, దాన్ని వాడే తెగువ ఉన్న ప్రభుత్వం ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

అసలు మోసం మాట మార్పిడిలో ఉంది. పాత సెక్షన్‌కు ఒక నిజాయితీ ఉండేది. అది ప్రభుత్వాన్ని కాపాడుతున్నానని ముఖం మీదే చెప్పేది. నిందితుడు కోర్టులో నిలబడి, నేను ప్రభుత్వాన్ని అన్నాను, అనే హక్కు నాకుంది అనగలిగేవాడు. ఇప్పుడు ప్రభుత్వం దేశం వెనక నిలబడింది. మంత్రిని ప్రశ్నిస్తే మంత్రి పక్కకు తప్పుకుని భరతమాతను ముందుకు నెడతాడు. రాజద్రోహి అన్న ముద్ర జనంలో ఒక్కోసారి గౌరవం తెచ్చిపెట్టింది; తిలక్ దాన్ని కిరీటంలా ధరించాడు. దేశద్రోహి అన్న ముద్రను ఎవరు ధరించగలరు? రాజుకు ఎదురు తిరిగినవాడికి ఊళ్లో కథలు కడతారు. దేశానికి ద్రోహం చేశాడన్నవాడికి అద్దె ఇల్లు దొరకదు.

ఇది ఊహ కాదు. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ సమయంలో పెట్టిన సామాజిక మాధ్యమ వ్యాఖ్యలకు అధ్యాపకుడు అలీఖాన్ మహ్మూదాబాద్‌ను హర్యానా పోలీసులు 152 కింద అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చింది. ఆగస్టులో అస్సాం పోలీసులు 'ది వైర్' సంపాదకుడు సిద్ధార్థ్ వరదరాజన్‌పై ఇదే సెక్షన్ వాడారు. మళ్లీ సుప్రీంకోర్టే రక్షణ ఇచ్చింది. ఢిల్లీలో పేరున్న న్యాయవాది దొరికేవాడికి ఆ గుమ్మం అందుతుంది. మండల కేంద్రంలో పనిచేసే విలేకరికి, వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపిన కుర్రాడికి ఏ గుమ్మం అందుతుంది? ఈ సెక్షన్ న్యాయమైన అసమ్మతికి ఖడ్గం కారాదు, డాలు కావాలని 2024 చివర్లో రాజస్థాన్ హైకోర్టు హితవు చెప్పింది. ఎఫ్ఐఆర్ రాసే చేతికి ఆ హితవు చేరేసరికి కొన్ని నెలల జైలు గడిచిపోతుంది.

మరి దేశానికి నిజమైన శత్రువులు లేరా, చట్టం అక్కర్లేదా అని అడిగే పాఠకులున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. సరిహద్దులో తుపాకులున్నాయి, అడవిలో ఉన్నాయి, నగరాల్లో బాంబులు పేలాయి. కానీ యుద్ధానికి దిగడం, అందుకు కుట్ర చేయడం, ఆయుధాలు కూడబెట్టడం న్యాయ సంహితలోనే వేరే సెక్షన్ల కింద ఘోర నేరాలు. వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడానికి ఇంకో సెక్షన్ ఉంది. వాటిపైన ఉపా చట్టం ఉంది. దాని కాఠిన్యం మీద కూడా నాకు పేచీ ఉంది, కానీ అది ఉందన్నది నిజం. చేతికి కత్తి అందించినవాడినీ, ఫలానా ఇల్లు తగలబెట్టండని గుంపును ఉసిగొల్పినవాడినీ శిక్షించాల్సిందే. ఇవన్నీ ఉండగా మిగిలేదేమిటి? మాట మాత్రమే. 1984 అక్టోబరు 31న, ఇందిరాగాంధీ హత్య జరిగిన రోజున, చండీగఢ్‌లో ఒక సినిమా హాలు ముందు ఇద్దరు ఖలిస్థాన్ నినాదాలిచ్చారు. అంతకంటే ఉద్రిక్తమైన రోజు, అంతకంటే చేదైన నినాదం ఊహించలేం. వారి నినాదాలకు జనం స్పందించలేదని, ఏ అలజడీ జరగలేదని గమనించి 1995లో సుప్రీంకోర్టు వారిని విడుదల చేసింది. దేశం ముక్కలు కాలేదు.

అటు 2021 డిసెంబరులో హరిద్వార్‌లో జరిగిన ధర్మ సంసద్‌లో ముస్లింలపై ఆయుధాలు పట్టమని బాహాటంగా పిలుపునిచ్చారు. మొదట నమోదైన కేసు వర్గాల మధ్య శత్రుత్వం పెంచడమన్న సెక్షన్ కింద. వారి మీద రాజద్రోహం ఎందుకు పెట్టలేదని నేను అడగను. పెట్టిన సెక్షనే సరైనది. కానీ మనుషులను చంపమన్నవాడికి ఒక తూకం, బడిపిల్లల నాటకానికి ఇంకో తూకం పెట్టిన రాజ్యం తాను దేనికి భయపడుతోందో తానే చెప్పుకుంది.

ఈ సెక్షన్‌ను మనకు అంటగట్టిన బ్రిటన్ 2009లో తన గడ్డ మీద ఈ నేరాన్ని రద్దు చేసుకుంది. సింగపూర్ 2021లో తన చట్టాన్ని రద్దు చేసింది. మనతో పాటు అదే 124-ఎను వారసత్వంగా పొందిన పాకిస్థాన్‌లో, 2023 మార్చిలో లాహోర్ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమంది. బంగ్లాదేశ్‌లో అది అలాగే ఉంది. 2024 నవంబరులో హిందూ సన్యాసి చిన్మయ్ కృష్ణదాస్‌ను ఆ నేరం కిందే అరెస్టు చేసినప్పుడు మన టీవీ స్టూడియోలు ఆగ్రహంతో ఊగిపోయాయి. ఆ ఆగ్రహం న్యాయమైనదే. ఢాకాలో అన్యాయమైనది గౌహతిలో న్యాయమెలా అవుతుందో ఆ స్టూడియోలే చెప్పాలి.

సుప్రీంకోర్టు ముందు రెండు పనులున్నాయి. 124-ఎ చెల్లుబాటును కనీసం ఐదుగురు సభ్యుల ధర్మాసనానికి 2023 సెప్టెంబరు 12న అప్పగించింది. 152 మీద పిటిషన్లకు 2025లో నోటీసులిచ్చింది. ఒక్కొక్కరికీ బెయిలు ఇచ్చుకుంటూ పోవడం దయ. సెక్షన్ మీద తీర్పు చెప్పడం న్యాయం. పార్టీల నుంచి నేను ఎన్నికల ప్రణాళికలో వాగ్దానం కోరను. 2019 నాటి దాని గతి చూశాం. తమ పాలనలో ఉన్న రాష్ట్రాల్లో ఈ సెక్షన్ కింద కేసు పెట్టబోమని ఒక్క ముఖ్యమంత్రి పోలీసు శాఖకు రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చి చూపించమనండి, అప్పుడు నమ్ముతాను.

ఇక మన వృత్తివారి సంగతి. చట్టం మార్చే అధికారం మనకు లేదు. శీర్షిక రాసే అధికారం ఉంది. '152వ సెక్షన్ కింద కేసు' అని రాయవచ్చు. కింద, ఆ మనిషి అన్న మాట ఏమిటో పూర్తిగా అచ్చు వేయవచ్చు, పాఠకుడే నిర్ణయించుకునేలా. ద్రోహం అన్న మాటను కోర్టు తీర్పు వచ్చేదాకా దాచిపెట్టవచ్చు. ఇందుకు ఇరవై నిమిషాలు చాలు.

ఆ రోజు నేను దేశద్రోహి అని ముద్రవేసిన యువకుణ్ణి కొన్నేళ్ల తర్వాత కోర్టు నిర్దోషిగా వదిలేసింది. ఆ వార్త మా పత్రికలో లోపలి పేజీలో, ఒక మూల, నాలుగు వాక్యాల్లో వచ్చింది. టీ కొట్టు దగ్గరి పెద్దమనిషి దాన్ని చదివి ఉండడు.